పాశ్చర్ పెరిగిన కొండసీమ, అక్కడి ఎర్ర ద్రాక్షారసం



రేపు తెల్లవారి పాల ప్యాకెట్టు ఇంటికి వచ్చినప్పుడు, మూల కత్తిరించే ముందు దానిమీది అక్షరాలు ఒకసారి చదవండి. పాశ్చరైజ్డ్ అని రాసి ఉంటుంది. అది ఏదో యంత్రం పేరో, కంపెనీ పేరో అనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అది ఒక మనిషి పేరు. 1895లో కన్నుమూసిన లూయీ పాశ్చర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు ఈనాటికీ ప్రతిరోజూ మన వంటింట్లోకి వస్తున్నది. అయితే ఆయన ఆ పద్ధతిని మొదట పాలమీద ప్రయోగించలేదు. తాను పెరిగిన కొండసీమలోని ద్రాక్షారసం పాడవకుండా ఉండేందుకు దారి వెతుకుతూ ఆ పద్ధతికి చేరుకున్నాడు.

విచారణ గురువు ద్రాక్షారసం గురించి రాయడమేమిటని కొందరు తల్లులు నొచ్చుకోవచ్చు. తాగుడు ఎన్ని కాపురాలను కూల్చిందో ఇంటింటికీ తిరిగి చూస్తున్నవాణ్ణి నేను. ఎవరినీ తాగమని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. కానీ ప్రతి ఆదివారం మనం పీఠం మీద ఉంచే రెండు కానుకల్లో ద్రాక్షారసం ఒకటి. అది ద్రాక్షపండ్ల నుండి తీసిన స్వచ్ఛమైన రసం కావాలనీ, చెడిపోయినదై ఉండరాదనీ శ్రీసభ చట్టం 924వ నిబంధన చెబుతున్నది. పులిసి వెనిగర్‌గా మారినదాన్ని దివ్యబలిపూజకు వాడరాదు. ఎండాకాలంలో సగం వాడిన సీసా మూత తీసి, వాసన చూసి, పక్కన పెట్టవలసి వచ్చిన అనుభవం పల్లె విచారణల్లో గురువులకు కొత్త కాదు. ఆ సీసాలో ఏం జరిగిందో లోకానికి స్పష్టంగా చూపించినవాడు పాశ్చర్. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ఒక్క మాట. పాశ్చర్ అన్నాడని చెప్పి దేవుని గురించి, విశ్వాసం గురించి కొన్ని సూక్తులు మన క్యాలెండర్లలోనూ ప్రసంగాల్లోనూ తిరుగుతుంటాయి. ఒకప్పుడు నేనూ వాటిని చెప్పినవాణ్ణే. వాటిలో కొన్నింటికి ఆయన రాతల్లో ఆధారం దొరకదు. కాబట్టి ఈ వ్యాసంలో ఆయన చేత ఒక్క మాట కూడా పలికించను. ఆయన చేసిన పనులు చెబుతాను, అవే చాలు.

జూరా కొండల పాదాల చెంత

ఫ్రాన్సు దేశానికి తూర్పున, స్విట్జర్లాండ్ సరిహద్దు పొడవునా జూరా పర్వతాలు ఉన్నాయి. అవి సున్నపురాయి కొండలు. రాకాసి బల్లులు తిరిగిన కాలాన్ని జురాసిక్ యుగం అంటున్నామే, ఆ పేరు ఈ కొండల నుండే వచ్చింది. వాటి పడమటి వాలు దిగువన, సుమారు 300 మీటర్ల ఎత్తులో ఆర్బువా అనే చిన్న పట్టణం ఉంది. ఊరి నడుమ క్యుజాన్స్ అనే ఏరు పారుతుంది. చుట్టూ వాలుల మీద ద్రాక్షతోటలు.

అక్కడివారు తరతరాలుగా పెంచుతున్న ఎర్ర ద్రాక్షల్లో రెండు రకాలు ముఖ్యమైనవి. పూల్సార్ అనే రకానికి తొక్క బాగా పలుచన. దాని రసం లేత ఎరుపు రంగులో, అద్దంలో నుండి చూసినట్టు ఉంటుంది. త్రూసో అనే రకం రసం ఇంకాస్త ముదురు రంగు. దానికి ఎండ ఎక్కువ కావాలి, అందుకని వెచ్చగా ఉండే వాలులు చూసి నాటుతారు. ఇవిగాక తెల్ల ద్రాక్ష ఒకటి ఉంది. దాని రసాన్ని పీపాల్లో పోసి ఆరేళ్లకు పైగా కదపకుండా ఉంచుతారు. పైన పాలమీద మీగడ కట్టినట్టు ఈస్టు పొర కడుతుంది. ఆ పొర కింద రసం పసుపు రంగు తిరుగుతుంది. కొండల చలి, సున్నపు నేల, రైతు ఓర్పు కలిస్తేనే ఇవన్నీ వస్తాయి.

ఏటా సెప్టెంబరు మొదటి ఆదివారం ఆర్బువాలో ఒక పండుగ జరుగుతుంది. రైతులు తమ తోటల్లోని తొలి ద్రాక్షగుత్తులు తెచ్చి, వాటన్నిటినీ కలిపి మనిషి ఎత్తున్న ఒకే పెద్ద గుత్తిగా కడతారు. దాన్ని నలుగురు మనుషులు కర్రలకు వేలాడదీసి, భుజాలమీద మోస్తూ ఊరేగింపుగా తీసుకుపోయి, పునీత జూస్ట్ దేవాలయంలో దేవునికి అర్పిస్తారు. సంఖ్యాకాండం 13వ అధ్యాయంలో మోషే పంపినవారు కనాను దేశం నుండి ఇద్దరు మోసుకొచ్చిన ద్రాక్షగెల మీకు గుర్తుకు వస్తుంది.  మనవాళ్లు కొత్త వరి వెన్నులను గుడికి తెచ్చినట్టే, వాళ్లు ద్రాక్షను తెస్తారు.

తోళ్ల పనివాని కొడుకు

లూయీ పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఆ దాపుననే ఉన్న డోల్ అనే పట్టణంలో పుట్టాడు. కొద్ది రోజులకే అక్కడ జ్ఞానస్నానం పొందాడు. చిన్నతనంలోనే కుటుంబం ఆర్బువాకు చేరింది. తండ్రి జాన్ జోసెఫ్ నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. బతుకుతెరువు తోళ్లు ఊనే పని. ఏటి ఒడ్డున ఇల్లు, ఇంటి కిందనే తోళ్లు నానబెట్టే లందలు. ఆ ముత్తాతల కాలంలో ఈ కుటుంబం ఒక జమీందారు కింద వెట్టిలో ఉండేది. 1763లో లూయీ ముత్తాత నాలుగు బంగారు నాణేలు చెల్లించి స్వేచ్ఛ కొనుక్కున్నాడు. లందల వాసన తెలిసిన తాతలు మన విచారణల్లో ఇంకా ఉన్నారు. ఆ వాసనలో పెరిగిన పిల్లవాడి పేరు ఇవాళ ప్రపంచమంతటా వినబడుతున్నదని మీ మనవలకు తప్పక చెప్పండి.

1831 అక్టోబరులో ఆ ఊళ్ల మీద ఒక పిచ్చి తోడేలు పడింది. కనబడిన మనిషినీ పశువునూ కరిచింది. అప్పటికి మందు లేదు. కరిచినచోట ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడమే వైద్యం. లూయీ ఇంటి దగ్గరి కమ్మరి కొలిమిలోనే ఆ వాతలు పెట్టారు. ఎనిమిదేళ్లు నిండి తొమ్మిదో ఏట ఉన్న పిల్లవాడు ఆ కేకలు విన్నాడు. ఆ ప్రాంతంలో ఎనిమిదిమంది చనిపోయారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

చదువులో అతడు మొదట మెరుపులు మెరిపించలేదు. బొమ్మలు మాత్రం బాగా వేసేవాడు. తల్లిదండ్రులకు అతడు వేసిన చిత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. 1838లో పదిహేనేళ్ల వయసున పారిస్ హాస్టలుకు పంపితే ఇంటిమీద బెంగతో మంచంపట్టాడు. తండ్రి వెళ్లి వెనక్కి తెచ్చుకున్నాడు. మన పిల్లలు హాస్టలు నుండి ఏడుస్తూ తిరిగివస్తే వీడిక పనికిరాడని తీర్పు చెప్పేవారు ఈ సంగతి గమనించాలి. కొన్నేళ్లకు అదే పిల్లవాడు మళ్లీ పారిస్ వెళ్లి ప్రసిద్ధమైన ఎకోల్ నార్మాల్ అనే విద్యాలయంలో చేరాడు.

పీపా అడుగున దొరికిన మొదటి పాఠం

ద్రాక్షారసం నిలవ ఉంచిన పీపాల లోపల గోడలకు పటిక ముక్కల్లాంటి గట్టి పొర పేరుకుంటుంది. దాని నుండి టార్టారిక్ ఆమ్లం తీస్తారు. ఆ ఆమ్లం లవణాల స్ఫటికాలను పాశ్చర్ 1848లో భూతద్దం కింద పరీక్షించాడు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. పైకి ఒకేలా కనిపించే స్ఫటికాల్లో రెండు జాతులు ఉన్నాయనీ, మన కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాగా అవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబం వంటివనీ కనిపెట్టాడు. చిన్న చిమటాతో వాటిని ఒక్కొక్కటిగా ఏరి వేరుచేశాడు. నేటి మందుల తయారీలో ఎంతో కీలకమైన ఒక శాస్త్రశాఖకు ఆ ఏరివేతే మొదలు. అలా ఆయన మొట్టమొదటి గొప్ప పని కూడా ద్రాక్ష పీపా నుండే వచ్చింది.

1849లో మరీ లోరాన్ అనే యువతిని పెళ్లాడాడు. ఆమె భర్త చెప్పే విషయాలు రాసిపెడుతూ, ఆయన పనిలో పాలుపంచుకుంటూ 46 ఏళ్లు తోడు నిలిచింది. 1854లో లీల్ నగరంలో ఆచార్యుడిగా చేరాడు. అక్కడ బీట్ దుంపల నుండి సారాయి తీసే ఒక కార్ఖానాలో సరుకు పాడవుతుంటే సలహా అడిగారు. ఆయన సూక్ష్మదర్శినితో చూశాడు.

ఇక్కడ తల్లులకు నేను వేరే వివరించనక్కరలేదు. పాలు తోడుకోవాలంటే చెంచాడు పెరుగు కలపాలి. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగుతుంది. పొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది. ఎందుకు? ఆనాటి పెద్ద రసాయన శాస్త్రవేత్తలు అది ప్రాణంలేని పదార్థం తనంతట తాను విడిపోవడం అనేవారు. పులియబెట్టేది కంటికి కనబడని ప్రాణి అని పాశ్చర్ చూపించాడు. ద్రాక్షరసాన్ని మంచి ద్రాక్షారసంగా మార్చేది ఒక ప్రాణి. దాన్ని వెనిగర్ చేసేది ఇంకొక ప్రాణి. పెరుగుకు తోడు ఎలాగో, ప్రతి పులుపుకూ దాని తోడు దానికి ఉంది.

కొండెక్కిన సీసాలు

మరి ఆ ప్రాణి ఎక్కడి నుండి వస్తుంది? కుళ్లిన పదార్థంలో నుండి దానంతట అదే పుడుతుందని చాలామంది నమ్మేవారు. సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మేము అరిస్టాటిల్‌లో ఈ అభిప్రాయం చూశాం. పునీత తోమాసు అక్వినాసు కూడా దాన్ని అంగీకరించాడు. దానివల్ల సృష్టికర్తమీద ఆయన విశ్వాసానికి ఏ లోటూ రాలేదు. కాబట్టి ఈ ప్రశ్న తేలితే దేవుడున్నాడో లేడో తేలుతుందని ఆనాడు ఇరుపక్షాలవారు కేకలు వేసుకోవడం తొందరపాటే. ఇది కళ్లతో చూసి తేల్చుకోవలసిన విషయమని పాశ్చర్ అభిప్రాయం.

1860లో ఆయన మరిగించి మూతి మూసిన సీసాలు పట్టుకుని సొంత సీమకు బయలుదేరాడు. జూరా కొండల దిగువన ఇరవై సీసాలు తెరిచి, గాలి సోకనిచ్చి, మళ్లీ మూశాడు. వాటిలో 8 చెడిపోయాయి. 850 మీటర్ల ఎత్తున జూరా కొండమీద తెరిచిన ఇరవైలో 5 చెడిపోయాయి. ఆపైన ఆల్ప్స్ పర్వతాల్లో, 2000 మీటర్ల ఎత్తున, మంచునది పక్కన తెరిచిన ఇరవైలో 1 మాత్రమే చెడింది. గాలిలో దుమ్ము ఎంత తక్కువుంటే చెడు అంత తక్కువ. ఆ ప్రాణులు దుమ్ముతోపాటు బయటి నుండి వస్తున్నాయని తేలింది.

కాఫీకొట్టులో ప్రయోగశాల

ఆ రోజుల్లో ఫ్రెంచి ద్రాక్షారసం ఓడలమీద పరదేశాలకు పోయేసరికి పులిసిపోయేది, లేదా జిగటగా, చేదుగా మారేది. వ్యాపారులు నష్టపోయారు. వారితోపాటు రైతులూ నష్టపోయారు. 1863లో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఈ రోగానికి కారణం కనిపెట్టమని పాశ్చర్‌ను కోరాడు.

ఆయన నేరుగా ఆర్బువాకు వెళ్లాడు. ఊరి చివర మూతపడ్డ ఒక కాఫీకొట్టు అద్దెకు తీసుకుని, శిష్యులతో కలిసి దాన్ని ప్రయోగశాల చేశాడు. ఊరి వడ్రంగి, కమ్మరి, రేకుపనివాడు పనిముట్లు చేసిపెట్టారు. బయట పాత బోర్డు అలాగే ఉండడంతో దారినపోయేవారు లోపలికి వచ్చి తాగడానికి ఏమన్నా ఇమ్మని అడిగేవారట. చిన్ననాటి స్నేహితులు తమ నేలమాళిగల నుండి మంచివీ చెడ్డవీ సీసాలు తెచ్చి ఇచ్చారు. రుచి చూడకముందే, ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఇది పులిసింది, ఇది చేదెక్కింది అని చెప్పగలిగే స్థితికి వచ్చాడు. ఒక్కో చెడుకు ఒక్కో క్రిమి కారణమని గుర్తించాడు.

పరిష్కారం చాలా తేలిక. గాలి తగలకుండా మూసిన రసాన్ని 50 నుండి 60 డిగ్రీల వరకు కొద్దిసేపు వేడిచేస్తే ఆ క్రిములు చస్తాయి, రుచి పెద్దగా మారదు. 1865లో దానికి పేటెంటు తీసుకున్నాడు గాని, దానిమీద డబ్బు చేసుకోకుండా అందరికీ వదిలేశాడు. తనకన్నా ముందు నికోలా అప్పేర్ అనే మిఠాయివాడు ద్రాక్షారసాన్ని వేడిచేసి నిలవ ఉంచాడని తెలిసినప్పుడు ఆ సంగతి ఒప్పుకున్నాడు. ఎందుకు నిలవ ఉంటుందో చూపించింది మాత్రం పాశ్చర్. తరువాత ఆ పద్ధతిని ఇతరులు పాలకు వాడారు. విచిత్రమేమంటే నేడు మంచి ద్రాక్షారసాలను చాలావరకు వేడిచేయరు, శుభ్రతతోనూ వడపోతతోనూ కాపాడుతున్నారు. పాలు మాత్రం ఆయన పేరుతోనే అమ్ముడవుతున్నాయి.

ఇంట్లో చీకటి

ఇంతవరకు చదివి, ఎంత అదృష్టవంతుడు అనుకుంటున్నారేమో. పాశ్చర్ దంపతులకు ఐదుగురు పిల్లలు. పెద్దకూతురు జాన్ 1859లో ఆర్బువాలో తాతగారింట ఉండగా టైఫాయిడ్‌తో చనిపోయింది. తొమ్మిదేళ్లది. 1865 జూన్‌లో తండ్రి పోయాడు. అదే సెప్టెంబరులో రెండేళ్ల కమీల్ పోయింది. 1866 మేలో పన్నెండేళ్ల సెసీల్‌ను కూడా టైఫాయిడ్ తీసుకుపోయింది. ద్రాక్షారసం మీద ఆయన రాసిన గొప్ప గ్రంథం అచ్చయింది ఆ 1866లోనే. 1868 అక్టోబరులో, 45 ఏళ్లకే, ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి, ఎడమకాలు పడిపోయాయి. ఆ తరువాతి పనంతా కుంటుతూ చేసిందే.

ద్రాక్షారసం చెడగొట్టే క్రిమిని చూడగలిగిన కళ్లు తన బిడ్డను చంపిన క్రిమిని చూడలేకపోయాయి. టైఫాయిడ్ క్రిమిని గుర్తించింది 1880లో, మరొకరు. దానికి టీకా వచ్చింది ఆయన పోయాక. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు మన విచారణల్లో ఎందరో ఉన్నారు. ఆ తరువాత పనిలోకి ఎలా వెళ్తారో వారికి తెలుసు. పాశ్చర్ పనిలోకి వెళ్లాడు. ద్రాక్షారసానికి రోగం బయటి నుండి వచ్చే క్రిమివల్ల అయితే, పట్టుపురుగుకు? పశువుకు? మనిషికి? ఆయన అడుగులు ఆ వరసనే పడ్డాయి.

అద్దాల ఇల్లు కప్పిన ద్రాక్షతీగలు

1874లో ఆర్బువా దగ్గర రోజియేర్ అనేచోట చిన్న ద్రాక్షతోట కొన్నాడు. నాలుగేళ్లకు ఆ తోట ఒక పెద్ద పరీక్షకు వేదికయింది.

క్లోడ్ బెర్నార్డ్ అనే మహాశాస్త్రవేత్త పాశ్చర్‌కు ఆప్తుడు. ఆయన 1878 ఫిబ్రవరిలో చనిపోయాడు. అదే జూలైలో ఆయన బల్లసొరుగులో దొరికిన రాతలను మరొక శాస్త్రవేత్త అచ్చువేయించాడు. ఏ ప్రాణీ లేకుండానే ద్రాక్షరసం పులుస్తుందని అందులో ఉంది. పాశ్చర్ ఇరవై ఏళ్ల శ్రమకు అది ఎదురుదెబ్బ, అదీ చనిపోయిన స్నేహితుని చేతి నుండి. తన పేరు పలుకుబడితో దాన్ని కొట్టిపారేయవచ్చు. అలా చేయలేదు. వెంటనే అద్దాల ఇళ్లు చేయించి, కాయలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, ఆగస్టులో రోజియేర్ తోటలో కొన్ని తీగలను మూయించాడు. లోపలి గుత్తులకు వేడిచేసి శుద్ధిచేసిన దూది చుట్టాడు. అక్టోబరుకు కాయలు పండాయి. బయటి ద్రాక్షను చిదిమితే ఎప్పటిలాగే పులిసింది. అద్దాల కింద పండినదాని రసం పులియలేదు. తమ ద్రాక్ష పులియకుండా ఉండడం ఆ కొండసీమలో ఎవరూ ఎన్నడూ చూడని వింత. దూది చుట్టిన గుత్తులను భార్యా కూతురూ రైల్లో దారిపొడవునా చేతుల్లో నిలబెట్టి పట్టుకుని పారిస్ చేర్చారు. వాటిని ఆయన తోటి శాస్త్రవేత్తల ముందు పెట్టాడు.

అయితే కథ అక్కడ ముగియలేదు. 1897లో ఎడువార్డ్ బుక్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈస్టును నూరి తీసిన రసం, ప్రాణమున్న కణం ఒక్కటీ లేకుండానే, చక్కెరను పులియబెట్టగలదని చూపించాడు. ఆ రసాన్ని తయారుచేసేది ప్రాణియే, కాని పులియబెట్టే పదార్థాన్ని దాని నుండి వేరుచేయవచ్చు. చనిపోయిన స్నేహితుని ఊహలోనూ కొంత నిజముంది. తోటలోకి ఈస్టు ఎలా వస్తుందన్న ప్రశ్నకు 2012లో ఇటలీ శాస్త్రవేత్తలు మరింత వివరం తెచ్చారు. కందిరీగలు చలికాలమంతా తమ కడుపులో ఈస్టును దాచి, మరుసటి ఏడు ద్రాక్షల మీదికి చేరుస్తున్నాయట. కుట్టే పురుగుకు సైతం సృష్టికర్త ఎంత పని అప్పగించాడో చూడండి.

ఆయన లోపాలు

పాశ్చర్‌ను నేను పునీతునిగా మీ ముందు నిలబెట్టడం లేదు. వాదంలో కఠినుడు. ఎదుటివాని శ్రమకు దక్కవలసిన గౌరవం ఇవ్వడంలో ఒక్కోసారి చెయ్యి బిగబట్టాడు. 1881లో గొర్రెలకు దొమ్మ తెగులు టీకా వేసి దేశమంతటినీ ఆశ్చర్యపరిచాడు. ఆ టీకా తయారుచేసిన తీరు ఆన్రీ తూసాన్ అనే యువ పశువైద్యుని పద్ధతికి దగ్గరది. పాశ్చర్ ఆ మాట బయటపెట్టకుండా, తన సొంత పద్ధతేనని లోకం అనుకోనిచ్చాడు. ఆయన నోటుపుస్తకాలను కుటుంబం చాలాకాలం ఎవరికీ చూపలేదు. 1964లో మనవడు వాటిని ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయానికి ఇచ్చాక, చరిత్రకారులు చదివి ఈ సంగతి తేల్చారు. దాచినది ఎంతకాలానికైనా వెలుగులోకి వస్తుందని సువార్త మనకు చెప్పనే చెప్పింది. అప్పేర్‌కు న్యాయం చేసిన మనిషే తూసాన్‌కు చేయలేకపోయాడు. మనమూ అలాంటి మనుషులమే గనుక ఈ సంగతి దాచకుండా చెబుతున్నాను.

తోడేలు మళ్లీ వచ్చింది

1885 జూలై 6న ఆల్సాస్ ప్రాంతం నుండి ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకు జోసెఫ్ మైస్టర్‌ను పాశ్చర్ దగ్గరకు తెచ్చింది. పిచ్చికుక్క చాలాచోట్ల కరిచింది. పాశ్చర్ వైద్యుడు కాడు. మనుషుల మీద టీకా వేసే హక్కు లేదు. అది అప్పటికి కుక్కల మీదనైనా పూర్తిగా పరీక్షించినది కాదు. బిడ్డ చనిపోతే తానే చంపినట్టు. ఊరుకుంటే కుక్కకాటు చంపుతుంది. ఆ రాత్రుళ్లు ఆయనకు నిద్ర లేదు. ఒక వైద్యుడు సూది వేశాడు. పది రోజుల్లో 13 సూదులు. బిడ్డ బతికాడు.

అక్టోబరులో రెండవవాడు వచ్చాడు. పదిహేనేళ్ల గొర్రెలకాపరి జాన్ బాప్టిస్ట్ జుపీల్. చిన్నపిల్లల మీదికి వస్తున్న పిచ్చికుక్కకు ఎదురువెళ్లి, దాని మూతిని కొరడాతో కట్టేసి, చెక్కచెప్పుతో కొట్టి చంపాడు. చేతులు రక్తసిక్తమయ్యాయి. ఆ పిల్లవాడిది విలెర్ ఫార్లే అనే పల్లె. ఎక్కడుందో ఊహించగలరా? జూరాలోనే, ఆర్బువాకు దగ్గరలోనే. యాభై నాలుగేళ్ల క్రితం కొలిమి దగ్గర వాతల కేకలు విన్న సీమ అది. జుపీల్ కూడా బతికాడు. అందరూ బతకలేదు. ఆలస్యంగా తెచ్చిన ఒక చిన్నపాపను ఆ చలికాలంలోనే కాపాడలేకపోయారు.

1888 నవంబరులో పారిస్‌లో పాశ్చర్ సంస్థ మొదలైంది. అక్కడ పనిచేసిన హాఫ్‌కిన్ 1893లో మన దేశానికి వచ్చి కలరా టీకాలు వేశాడు. 1907లో నీలగిరి కొండల్లోని కూనూరులో దక్షిణాదికి పాశ్చర్ సంస్థ ఏర్పడింది. బొడ్డు చుట్టూ వేయించుకున్న ఇంజెక్షన్లు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. ఆ పాతరకం మందు తయారీని మన దేశంలో 2004 చివరలో ఆపేశారు. ఇప్పుడు చేతికి నాలుగైదు ఇంజెక్షన్లే. కుక్క కరిస్తే పసర్లు, కారం, సున్నం పూయకండి. సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. జబ్బు బయటపడితే మందు లేదు. అందుకే ఒక్కరోజు కూడా ఆగవద్దు.

చివరి వేసవి

పాశ్చర్ వేసవి సెలవులకు ఆర్బువాలోని తండ్రి ఇంటికే వచ్చేవాడు. ఆ ఇంటిని పెంచి, అందులోనూ ఒక ప్రయోగశాల పెట్టుకున్నాడు. 1895 వేసవిలో మాత్రం రాలేకపోయాడు. ఆ సెప్టెంబరు 28న పారిస్ దగ్గర కన్నుమూశాడు. ఒక చెయ్యి భార్య చేతిలో, మరో చేతిలో సిలువ ఉన్నాయని కుటుంబంవారు రాసిన చరిత్ర చెబుతున్నది. నోత్ర్ దామ్ ప్రధానాలయంలో అంత్యక్రియల పూజ జరిగింది.

ఆయన ఉండగానే అమెరికా నుండి వచ్చిన ఒక వేరుపురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటలను తినేయసాగింది. జూరాలో అంతకుముందు సుమారు 20 వేల హెక్టార్ల తోటలుండేవి. ఇప్పుడున్నవి సుమారు 2 వేలు. తీగలను అమెరికా వేరుకు అంటుకట్టి రైతులు మళ్లీ మొదలుపెట్టారు. 1936లో ఫ్రెంచి ప్రభుత్వం సీమపేరును చట్టంతో కాపాడిన మొదటి ద్రాక్షారసాల్లో ఆర్బువా ఒకటి. పూల్సార్, త్రూసో నేటికీ ఆ వాలుల మీద పండుతున్నాయి. రోజియేర్‌లోని ఆయన తోటనూ కాపాడుతున్నారు. సెప్టెంబరు మొదటి ఆదివారం పెద్ద ద్రాక్షగుత్తి దేవాలయానికి వెళుతూనే ఉంది.

ప్రియులారా, ఆ మనిషి గొప్ప ప్రశ్నలు వెతుక్కుంటూ దూరం పోలేదు. తండ్రి లంద, ఊరి పీపా, సొంత తోట, పక్క పల్లె బిడ్డ. దగ్గరున్నదాన్ని శ్రద్ధగా చూశాడు. మీ పిల్లవాడు పెరుగు ఎందుకు తోడుకుంటుందని అడిగితే, చదువుకో పో అని కసరకండి. కూర్చోబెట్టి పాశ్చర్ కథ చెప్పండి. వచ్చే ఆదివారం నీరూ ద్రాక్షారసమూ ఉన్న చిన్న సీసాలు పీఠం దగ్గరకు వచ్చేటప్పుడు, ఆ రసాన్ని పండించిన రైతుల కోసం, దాన్ని కాపాడడం నేర్పినవారి కోసం, బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల కోసం ఒక చిన్న ప్రార్థన చేయండి. నేనూ పీఠం దగ్గర మిమ్మల్ని తలచుకుంటాను.

దేవుడు మీ కుటుంబాలను దీవించునుగాక.